అంతరిక్ష యుద్ధము: చిత్రములు చూపునది, శాస్త్రము చెప్పునది

ఇప్పటి బాలబాలికలలో అంతరిక్ష యుద్ధమును చూడనివారు అరుదు. సినిమా తెరమీదను, చేతి ఫోనులలోని ఆటలయందును వారు దానిని నిత్యము చూచుచున్నారు. రెండు నౌకలు నక్షత్రముల నడుమ గ్రద్దలవలె వ్రాలుచు, లేచుచు, గిరుక్కున తిరుగుచు ఒకదాని నొకటి తఱుముకొనును. ఎఱ్ఱని, పచ్చని కాంతిబాణములు దూసికొని పోవును. దెబ్బతిన్న నౌక చెవులు పగులునట్లు ప్రేలి మంటలలో మాడిపోవును. వెనుకటి పౌరాణిక చిత్రములలో ఆగ్నేయాస్త్రమును వారుణాస్త్రమును ఆకాశమధ్యమున ఢీకొనగా పెద్దలు చప్పట్లు కొట్టినట్లే, నేడు పిన్నలును వీనిని చూచి చప్పట్లు కొట్టుచున్నారు. వినోదమునకై చూచుటలో దోషము లేదు.

కాని వినోదము వేఱు, విశ్వాసము వేఱు. ఈ చిత్రములను చూచి పెరిగినవారే రేపు ఇంజనీర్లును, సైనికాధికారులును, ఓటు వేయు పౌరులును కాగలరు. అంతరిక్షమున యుద్ధ మనగా ఒకరు గెలిచి మఱియొకరు ఓడు పందెమని వారు తలంచినచో, ఆ తలంపువలన వచ్చు కీడు స్వల్పము కాదు. ఆ యుద్ధము నిజముగా ఎట్లుండునో తెలిసికొనుటకు రహస్య శాస్త్రము లేవియు నక్కఱలేదు. మన తరగతులలో చెప్పు న్యూటను సూత్రములును, ఉష్ణమును గూర్చిన పాఠమును, కాంతిని గూర్చిన పాఠమును చాలును. వానిని వరుసగా అన్వయించి చూచిన యెడల, అంతరిక్షమున నౌకలను పగులగొట్టు యుద్ధములో గెలుచువా డెవ్వడును లేడని తేలునని నా యభిప్రాయము. ఆ యభిప్రాయమునకు గల హేతువులను ఇందు విన్నవించుచున్నాను.

మొదట చప్పుడు సంగతి చూతము. గాజు జాడీలో గంటను వ్రేలాడదీసి, జాడీలోని గాలిని క్రమముగా తీసివేసినచో గంట మ్రోత సన్నగిల్లి తుదకు వినబడకుండుటను విద్యార్థు లెఱుగుదురు. అంతరిక్షమంతయు గాలి తీసివేసిన అట్టి జాడీయే. అచ్చట ఎంతటి ప్రేలుడైనను మూగదే. అంతేకాదు. భూమిమీద బాంబు ప్రేలినపుడు ఇండ్లను కూల్చునది ప్రధానముగా గాలి త్రోపు. గాలియే లేనిచోట ఆ త్రోపు లేదు. అయితే బాంబువలన కీడు లేదని అనుకొనరాదు; కీడు వేఱు రూపమున వచ్చును. 1962 జూలై 9వ తేదీన అమెరికావారు పసిఫిక్ మహాసముద్రములోని జాన్‌స్టన్ ద్వీపమునకు పైన, సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, 14 లక్షల టన్నుల మందుగుండుతో సమానమైన అణుబాంబును ప్రేల్చిరి. దాదాపు 1,400 కిలోమీటర్ల దూరముననున్న హవాయి ద్వీపములలో కొన్ని వీథిదీపము లారిపోయినవి. ప్రేలుడునుండి వెలువడిన విద్యుత్కణములు భూమి అయస్కాంత క్షేత్రములో చిక్కుకొని నెలల తరబడి తిరుగుచు, ఆ దారిని పోవు ఉపగ్రహములను చెఱచినవి. చెడినవానిలో ఏరియల్ 1 ఒకటి. అది అమెరికాకు మిత్రరాజ్యమైన బ్రిటనుయొక్క మొట్టమొదటి ఉపగ్రహము. ఆ సంవత్సరము ఏప్రిలు నెలలో అమెరికా రాకెట్టుమీదనే ఎక్కినది. శత్రు వెవ్వడును లేని పరీక్షలోనే మిత్రునికి దెబ్బ తగిలినది. ఈ విషయమును చదువరులు గుర్తుంచుకొందురు గాక. మున్ముందు దీనివంటివే పెక్కు రాగలవు.

ఇక నౌకల నడక. గ్రద్దకు తిరుగుటకు గాలి ఆధారము. పడవకు నీరు, బండికి నేల ఆధారము. అంతరిక్షమున నౌకకు ఆధార మేదియు లేదు. తనలోనున్న పదార్థమును ఒకవైపు విసరి, ఆ ప్రతిచర్యవలన రెండవవైపునకు కదలుటయే దాని గతి. ఇంజను నాపినను నౌక ఆగదు. అదే వేగముతో సాగును. ముక్కును ఎటు త్రిప్పినను పోవు దారి మాఱదు. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగు నౌక సెకండునకు సుమారు 7.7 కిలోమీటర్లు పోవును. అట్టి వేగమున, మన బరువుతో సమానమైన బలమును ప్రయోగించి వంపు తిరుగబూనినచో, ఆ వంపుయొక్క వ్యాసార్ధము ఇంచుమించు 6,000 కిలోమీటర్లు. అది భూమి వ్యాసార్ధమునకు చేరువ సంఖ్యయగుట యాదృచ్ఛికము కాదు. భూమ్యాకర్షణమే నౌకచేత ఆ వంపును తిరిగించుచున్నది. దృఢకాయుడైన విమానచోదకుడు కొలదిసేపు మాత్రమే ఓర్వగల తొమ్మిదింతల బలమును ప్రయోగించినను, వంపు 650 కిలోమీటర్లకు తగ్గదు. తెరమీద నౌకలు వీథిమూలలో సైకిలువలె మలుపు తిరుగుట కేవల కల్పన.

ప్రతిచర్య తుపాకికిని తప్పదు. సోవియట్టు రష్యావారు 1974లో పంపిన సల్యూట్ 3 అను అంతరిక్ష కేంద్రమునకు, విమానములలో వాడు త్వరిత ఫిరంగి నొకదానిని బిగించిరి. 1975 జనవరిలో, మనుష్యులెవ్వరును అందు లేని సమయమున, దానిని దూరమునుండి కాల్చి చూచిరి. ఆ ఫిరంగి కేంద్రమునకు కదలకుండ బిగింపబడి యుండుటచే, గుఱి పెట్టవలెనన్న కేంద్రమంతటిని త్రిప్పవలసి యుండెను. ఇల్లు త్రిప్పి తుపాకి గుఱి చూచుట యన్నమాట! దిశను సరిగా నిలుపుటలో ఏమాత్రము పొరపాటు కలిగినను కార్యము చెడును. 1987 మే 15న ఆ దేశమువారే పోల్యూస్ అను గొప్ప ఆయుధ పరీక్షానౌకను ఎక్కించిరి. అది సగము చుట్టు తిరిగి ఇంజను వెలిగింపవలసి యుండగా, నిండుచుట్టు తిరిగి వెలిగించినది. త్రోపు వెనుకకు పడుటచే కక్ష్యను చేరక సముద్రము పాలైనది.

పోనిమ్ము, శత్రునౌక మన కన్నులయెదుటనే ముందుగా పోవుచున్నదనుకొందము. దానిని పట్టుకొనుట ఎట్లు? ఇంజనును వెలిగించి వేగము హెచ్చింపవలెనని ఎల్లరును చెప్పుదురు. 1965 జూన్‌లో జెమిని 4 నౌకను నడపిన జేమ్స్ మెక్‌డివిట్ గారును అట్లే చేసిరి. తమ్ము మోసికొనివచ్చిన రాకెట్టు పైభాగము చేరువలో తేలుచుండగా, దానివైపు ముక్కు నిలిపి ఇంజను వెలిగించిరి. అది దగ్గఱకు వచ్చుటకు మాఱుగా దూరమైనది. ఇంధనము తఱిగిపోవుటచే ఆ ప్రయత్నమును మానుకొనవలసి వచ్చినది. కారణమేమి? వేగము హెచ్చినచో నౌక పై కక్ష్యకు లేచును. పై కక్ష్య పొడవైనది, అందలి వేగము తక్కువ. 400 కిలోమీటర్ల ఎత్తున భూమిని చుట్టివచ్చుటకు సుమారు 92 నిమిషములు పట్టగా, 800 కిలోమీటర్ల ఎత్తున 101 నిమిషములు పట్టును. కాబట్టి తొందరపడినవాడు వెనుకబడును. ముందున్నవానిని పట్టుకొనగోరువాడు వేగమును తగ్గించి క్రిందికక్ష్యకు దిగి, అచ్చట ముందునకు పోయి, మరల పైకి రావలెను. ఈ పాఠమును నేర్చుకొని, ఆ యేడాది డిసెంబరు 15న జెమిని 6 నౌకను జెమిని 7 చెంతకు ఒక అడుగు దూరమువఱకు చేర్చిరి.

మన దేశమున జరిగిన దృష్టాంతము ఇంకను చక్కనిది. 2024 డిసెంబరు 30న మన శ్రీహరికోటనుండి ఒక్కొక్కటి సుమారు 220 కిలోగ్రాములు తూగు రెండు చిన్న ఉపగ్రహములను, ఒకే రాకెట్టుమీద, ఒకదానితో నొకటి కలిపి చూచుటకై పంపిరి. అవి రెండును మనవే. రెండును ఒక్కచోటనుండియే బయలుదేరినవి. ఒకదానినుండి మఱియొకటి పాఱిపోవ యత్నింపలేదు. అయినను అవి కలిసికొన్నది 2025 జనవరి 16న. నడుమ రెండు పర్యాయములు ముహూర్తమును వాయిదా వేయవలసి వచ్చినది. చెలిమితో చేరుటయే ఇంత సూక్ష్మమైన పనియైనపుడు, వెంటాడి పట్టుకొనుట ఎంతటిదో ఊహింపవచ్చును.

వెంటాటకు మఱియొక అడ్డు ఇంధనము. 1903లో రష్యాదేశపు ఉపాధ్యాయుడు సియొల్కోవ్‌స్కీ ప్రకటించిన సూత్రము ప్రకారము, నౌక సంపాదింపగోరు వేగము అంకశ్రేఢిగా పెరిగినచో, మోయవలసిన బరువు గుణశ్రేఢిగా పెరుగును. మంచి రాకెట్టులనుండి వెలువడు వాయువుయొక్క వేగము సెకండునకు 4.5 కిలోమీటర్లనుకొందము. నౌక 4.5 కిలోమీటర్ల వేగము పొందుటకు, ఇంధనముతో కూడ అది వట్టి నౌకకు 2.7 రెట్లు తూగవలెను. 9 కిలోమీటర్లకు 7.4 రెట్లు, 13.5 కిలోమీటర్లకు 20 రెట్లు. ఇక తిరుగు దిశను 60 డిగ్రీలు మార్చుటకు కావలసిన వేగమెంత? మొదటి వేగమును, తుది వేగమును రెండు భుజములుగా గీచి నడుమ 60 డిగ్రీల కోణము నుంచినచో, మూడవ భుజము వానితో సమానమగునని జ్యామితి చెప్పుచున్నది. కావున ఆ ఒక్క మలుపునకే మరల 7.7 కిలోమీటర్ల వేగము వ్యయమగును; అనగా నౌకను కక్ష్యలో నిలుపుటకు పడిన శ్రమయంతయు మరల పడవలెను. ఇట్టి చోట సేనాని లెక్కపెట్టవలసినది తుపాకిగుండ్లను కాదు, తొట్టిలో మిగిలిన ఇంధనమును.

దాగి పొంచియుండి కొట్టవచ్చును గదా యని కొంద రందురు. దీనికి ఉష్ణశాస్త్రము అడ్డుపడును. ఫ్లాస్కులో పోసిన కాఫీ గంటల తరబడి చల్లారకుండుటకు కారణము, దాని రెండు గోడల నడుమ గాలి లేకుండుటయే. అంతరిక్ష నౌక ఆ ఫ్లాస్కులోని కాఫీవంటిది. అందలి మనుష్యులును, యంత్రములును పుట్టించు వేడిమి బయటకు పోవుటకు కిరణరూపము తప్ప వేఱు మార్గము లేదు. 27 డిగ్రీల వేడిగల ఒక చదరపు మీటరు పలక ఎంత చక్కనిదైనను సుమారు 460 వాట్లకు మించి వెదజల్లదు. పది లక్షల వాట్ల వేడిని అట్లు వదలుటకు అర ఎకరము పలకలు కావలెను. ఆ పలకలు పెద్దవి, పలుచనివి, గుఱికి సులభమైనవి. అవి చిల్లులు పడినచో నౌకలోనివారు తమ వేడిలో తామే ఉడుకుదురు. పైగా వారి వెనుకనున్న ఆకాశము సున్నకు క్రింద 270 డిగ్రీల చలిగలది. ఆ చలిలో వెచ్చని నౌక, చీకటి రాత్రి పొలములో వెలిగించిన దివిటీవలె పరారుణ దర్శనులకు కానవచ్చును. 1977లో బయలుదేరిన వాయేజరు 1 నేడు 2,000 కోట్ల కిలోమీటర్లకు పైబడిన దూరముననుండి, ఒక చిన్న విద్యుద్దీపమునకు చాలునంతటి శక్తితో, సుమారు ఇరువది మూడు వాట్లతో పలుకు మాటను భూమిమీదివారు వినగలుగుచున్నారు. అట్టి చెవులకును కన్నులకును దగ్గఱలో ఇంజను వెలిగించిన నౌక కనబడకుండుటెట్లు? భూమి చాటున కొంతసేపు దాగవచ్చును. మోసపు బొమ్మలను వెదజల్లి శత్రువును భ్రమపెట్టవచ్చును. కాని అడవిలో పులివలె పొంచియుండుట అచ్చట సాగదు.

కాంతిబాణముల మాటయు చెప్పవలెను. లేజరు కిరణము ప్రక్కనుండి చూచువానికి శూన్యమున కనబడనే కనబడదు. గాలిలోని దుమ్ము దానిని చెదరగొట్టినప్పుడే గీతవలె తోచును. మఱియు అది ఎంత దూరమైనను సన్నముగానే పోవునన్నది తప్పు. ప్రతి కిరణమును అద్దమునుండి వెలువడిన వెంటనే విప్పారుటకు మొదలిడును. ఒక మీటరు అద్దమునుండి పంపిన పరారుణ లేజరు 1,000 కిలోమీటర్ల కడ సుమారు రెండున్నర మీటర్ల వెడల్పగును. 10,000 కిలోమీటర్ల కడ ఇరువదినాలుగు మీటర్లగును. వెడల్పు పదింతలైనచో తీక్ష్ణత నూరవవంతునకు తగ్గును. భూమినుండి చంద్రునికి పంపు లేజరు అచ్చటికి చేరుసరికి కొన్ని కిలోమీటర్లమేర పఱచుకొనుచున్నది. ఇక కాంతికిని కాలము పట్టును. 3 లక్షల కిలోమీటర్ల దూరమునుండి మనము చూచునది ఒక సెకండు వెనుకటి శత్రువును. మన కిరణము చేరుటకు ఇంకొక సెకండు. ఆ రెండు సెకండ్లలో, సెకండు సెకండునకు ఒక మీటరు చొప్పున వేగము మార్చుకొను నౌకయైనను రెండు మీటర్లు తప్పుకొనును. కాబట్టి లేజరు దగ్గఱివారి కన్నులను గ్రుడ్డి చేయుటకు పనికివచ్చునేగాని, చిత్రములలోవలె దూరపు నౌకలను కత్తితో కోసినట్లు కోయదు.

తుదకు మిగిలిన ఆయుధ మేది? కేవలము తాకుడు. నౌకల వేగమే వాని మృత్యువు. చలనశక్తి వేగము వర్గమును బట్టి పెరుగునని విద్యార్థులు కంఠస్థము చేసియున్నారు. సెకండునకు 10 కిలోమీటర్ల వేగముగల ఒక్క గ్రాము ముక్కలోని శక్తి, గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవు 1,000 కిలోగ్రాముల మోటారుకారు శక్తితో సమానము. ఒక కిలోగ్రాము ముక్కయైనచో పండ్రెండు కిలోగ్రాముల మందుగుండుతో సమానము. 1983లో ఛాలెంజరు నౌకయొక్క కిటికీ అద్దమునకు ఒక రంగు పెచ్చు తగిలి గుంట పడగా, భూమికి వచ్చిన పిమ్మట ఆ యద్దమును మార్చవలసి వచ్చినది. గోడకు పూసిన రంగుయొక్క పెచ్చు ఇంతపని చేయుచోట ఫిరంగితో పనియేమి? దారికి అడ్డముగా గుప్పెడు మేకులు చల్లినను చాలును.

ఇచ్చటనే అసలు చిక్కు కలదు. భూమిమీద కాల్చిన గుండు నేలబడి ఊరకుండును. ఓడయుద్ధమున మునిగిన ఓడ సముద్రగర్భమున పడియుండును. అంతరిక్షమున కాల్చిన గుండును, పగిలిన నౌకయొక్క ప్రతి ముక్కయు భూమిచుట్టు తిరుగుచునే యుండును. గుండు తన కక్ష్యను చుట్టి, కాల్చిన చోటికి మరల మరల వచ్చును. కాల్చిన నౌకయు ఆ చోటికి మరల మరల వచ్చును. ఏనాడో ఒకనాడు రెండును ఒక్కసారి రావచ్చును. ఆకాశము మీద ఉమ్మివేసినచో తన మొగముమీదనే పడునన్న సామెతను మన పెద్దలు నీతికై చెప్పిరి; కక్ష్యాశాస్త్రము దానిని లెక్కకట్టి నిరూపించుచున్నది.

ఇది ఊహ కాదు. 2007 జనవరి 11న చైనావారు తమ పాత వాతావరణ ఉపగ్రహము నొకదానిని 865 కిలోమీటర్ల ఎత్తున అస్త్రముతో కొట్టిరి. కనిపెట్టదగిన ముక్కలు మూడు వేలకు పైగా ఏర్పడినవి. వానిలో చాల భాగము నేటికిని తిరుగుచున్నవి. 2009 ఫిబ్రవరి 10న సైబీరియాకు పైన అమెరికావారి పనిచేయు ఉపగ్రహ మొకటియు, రష్యావారి మృత ఉపగ్రహ మొకటియు సెకండునకు 11.7 కిలోమీటర్ల వేగముతో ఢీకొని రెండు వేలకు పైబడిన శకలములైనవి. అచ్చట వైరము లేదు, ఉద్దేశము లేదు. త్రోవలు కలిసినవి, అంతే. 2021 నవంబరు 15న రష్యావారు తమ పాత ఉపగ్రహమును పగులగొట్టగా, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రములోని ఏడుగురును తిరుగుప్రయాణపు నౌకలలో చొచ్చి తలదాచుకొనవలసి వచ్చినది. ఆ యేడుగురిలో ఇద్దరు రష్యావారే. మఱియొకరు రాజాచారి గారు; వారి తండ్రి హైదరాబాదునుండి అమెరికాకు వలసపోయినవారు. కొట్టినవారి బిడ్డలును, కొట్టనివారి బిడ్డలును ఒక్క గూటిలో ప్రాణములు గుప్పిట పెట్టుకొనిరి.

ముక్కలు ముక్కలను కొట్టి మఱిన్ని ముక్కలు చేయుననియు, అది హద్దుమీరినచో కొన్ని కక్ష్యలు నిరుపయోగము లగుననియు డొనాల్డ్ కెస్లర్, బర్టన్ కూర్‌పాలై అను శాస్త్రజ్ఞులు 1978లోనే వ్రాసిరి. 300 కిలోమీటర్ల ఎత్తున నున్న ముక్కలను అచ్చటి పలుచని గాలి వారములలోనో నెలలలోనో క్రిందికి దింపి కాల్చివేయును. 800 కిలోమీటర్ల ఎత్తున అందుకు దశాబ్దములు, ఒక్కొక్కప్పుడు శతాబ్దము పట్టును. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, మన టెలివిజను ఉపగ్రహములు నిలుచుచోట, ముక్కలను ఊడ్చువా రెవ్వరును లేరు. అవి మన మునిమనుమల మునిమనుమలకును మిగులును.

దీనితో మన కేమి పనియని పల్లెలోని తల్లిదండ్రులు అడుగవచ్చును. పని కలదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు మరణించిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విఱుచుకొనిపడెను. ఆస్తినష్టము అపారమైనను ప్రాణనష్టము దివిసీమతో పోల్చదగినది కాదు. దినముల ముందుగా తుపాను రాకను తెలిసికొని, తీరవాసులను లక్షలకొలది తరలించుటయే అందుకు కారణము. ఈ భేదమునకు రాడారులును, అధికారుల జాగ్రత్తయు తోడ్పడినవి. కాని సముద్రమధ్యమున తుపాను పుట్టుకను చూచిన కన్ను ఉపగ్రహమే. సముద్రపు గాలులను కొలుచుటకు 2022 నవంబరు 26న శ్రీహరికోటనుండి పంపిన ఓషన్‌శాట్ ఇంచుమించు 740 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నది. చైనావారు చేసిన ముక్కలును ఆ ప్రాంతముననే సంచరించుచున్నవి. కావున ఎవరో ఎచ్చటనో ఆకాశమున చేయు యుద్ధమునకు మూల్యము చెల్లించువారిలో మన తీరమునందలి జాలరియు ఒకడు.

ఇందులకు ఒక ఆక్షేపణ కలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. "ఇతరులకు అట్టి అస్త్రములుండగా మనము చేతులు కట్టుకొని కూర్చుండవలెనా?" యని పెక్కు రందురు. ఈ ప్రశ్నలో సత్యము కలదు. 2019 మార్చి 27న మన దేశమువారును మిషన్ శక్తి యను పేర, ఒడిశా తీరమందలి అబ్దుల్ కలాం ద్వీపమునుండి పంపిన అస్త్రముతో మన ఉపగ్రహమునే సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున కొట్టిరి. ఆ పనిని నడపిన రక్షణ పరిశోధన సంస్థకు అప్పటి అధిపతి నెల్లూరు జిల్లాకు చెందిన సతీష్ రెడ్డి గారు. మన శాస్త్రజ్ఞుల నేర్పు శ్లాఘనీయము. ముక్కలు త్వరగా రాలుటకై తక్కువ ఎత్తును ఎంచుకొనుటయు వివేకమే. పెక్కు శకలములు కొద్దికాలములోనే కాలిపోయినవి. అయినను కొన్ని తాకుడు బలమున పైకెగసి అంతకంటె చాలకాలము తిరిగినవి. ఎంత జాగ్రత్తపడినను ముక్కల నన్నిటిని మనము శాసింపలేమని దీనివలన తెలియుచున్నది. చేతనైనదని చూపుట ఒకసారి చాలును. మరల మరల చూపుట అవివేకము.

మఱియు, పగులగొట్టకుండ శత్రువును అడ్డుకొను మార్గములు లేకపోలేదు. రేడియో సందేశములను చెఱచుట, కెమెరా కన్నులకు మిఱుమిట్లు గొలుపుట, భూమిమీది యంత్రములను స్తంభింపజేయుట నేటి యుద్ధములలో నిజముగా జరుగుచున్నవి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయినుపై దాడి ఆరంభమైన నాడే, ఒక ఉపగ్రహ సమాచార వ్యవస్థయొక్క గ్రాహక యంత్రములు వేలకొలది పనిచేయకుండ చెఱుపబడినవి. ఒక్క ముక్కయైనను ఆకాశమున ఎగురలేదు. ఇవి మంచి పనులని నేను చెప్పను. కాని ఇందలి గాయము మానును, యుద్ధము ముగిసిన పిమ్మట ఆకాశము ఆకాశముగానే మిగులును. పగులగొట్టినచో, సంధి వ్రాసికొన్న పిమ్మటకూడ ముక్కలు యుద్ధము చేయుచునే యుండును. వానికి సంధి తెలియదు.

శాసనము సంగతి. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక కక్ష్యలలో అణ్వస్త్రముల నుంచుటను నిషేధించినది. చంద్రునిపై సైనిక స్థావరములను నిషేధించినది. సాధారణ అస్త్రములను గూర్చి అది మౌనము వహించినది. ఆ లోపమును కొంత తీర్చుటకై, ఉపగ్రహములను పగులగొట్టు అస్త్రపరీక్షలను చేయరాదని కోరు తీర్మానమును 2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సభలో 155 దేశములు ఆమోదించినవి. భారతదేశము తటస్థముగా నుండెను. కట్టుబాటుగల నిండు ఒడంబడికయే కావలెనను మన ప్రభుత్వమువారి వాదములో అర్థము లేకపోలేదు. అయినను ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వించు పథకమును చర్చించుటకంటె, చేతనున్న బిందెడు నీరు చల్లుట మేలు. మన దేశము ఇకమీదట అట్టి పరీక్షలు చేయమని తానై ప్రకటింపవలెనని నా దృఢమైన యభిప్రాయము. అది బలహీనత కాదు. శక్తి లేనివాని శాంతికి విలువ లేదు. శక్తి చూపి విరమించినవాని మాటకు సభలో గౌరవము కలదు.

విద్యార్థులారా, చిత్రములను చూడవలదని నేను చెప్పుట లేదు. చూచునపుడు కాగితమును పెన్సిలును దగ్గఱ నుంచుకొనుడు. ఆ నౌక తిరిగిన వంపునకు ఎంత బలము కావలెను? ఆ మంటకు ప్రాణవాయు వెచ్చటిది? ఆ ముక్కలు రేపు ఎచ్చటికి పోవును? ఈ మూడు ప్రశ్నలు వేసికొన్నచో వినోదము చెడదు, బుద్ధి పదునెక్కును. ఉపాధ్యాయులును కక్ష్యాగమనమును చెప్పునపుడు జెమిని నౌక వెనుకబడిన కథను చెప్పిన యెడల, ఏ విద్యార్థియు ఆ పాఠమును మఱవడు. ఆకాశము నిర్మలముగా నున్న సంధ్యవేళ, అంతరిక్ష కేంద్రము చుక్కవలె మన యిండ్లమీదుగా నాలుగైదు నిమిషములలో దాటిపోవుట కంటితో చూడవచ్చును. దానిని పిల్లలకు చూపుడు. అందులో పలుదేశముల మనుష్యులు కలరనియు, వారికిని మృత్యువునకును నడుమ పలుచని లోహపు గోడ యొక్కటియే యున్నదనియు చెప్పుడు.

ఊరి ఉమ్మడి చెఱువులో పగవాని గేదె నీరు త్రాగుచున్నదని విషము కలుపువాడు మన గ్రామములలో నున్నచో, వానిని వీరుడని ఎవ్వరును పొగడరు. ఆకాశము మానవజాతి కంతటికిని ఉమ్మడి చెఱువు. ఆ చెఱువునకు తూము లేదు, విషము పోవు కాలువ లేదు. దానిని చెడకుండ కాపాడుట సైనికుల పనియు, శాస్త్రజ్ఞుల పనియు మాత్రమే కాదు; న్యూటను మూడవ సూత్రమును చదువుకొన్న ప్రతి బాలునియొక్కయు, బాలికయొక్కయు పని.